వెనక డిస్కులున్న పాత కారు, హ్యాండ్ బ్రేక్ పట్టట్లేదు. కేబుల్ మార్చాలా?

వాలురోడ్డు
2003 మోడల్ పెట్రోల్ బండి, ముందు చక్రాలకి పవర్, నాలుగింటికీ డిస్కులే. కాలి బ్రేకు బ్రహ్మాండంగా పడుతుంది. గొడవంతా హ్యాండ్ బ్రేక్‌తోనే. లివరు నిలువుగా లేచేదాకా లాగినా కాస్త వాలుంటే చాలు, బండి మెల్లగా జారుతుంది. మెకానిక్ లివరు కవరు ఊడదీసి కేబుల్ నట్టు బిగించాడు. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ బిగించాడు. ఈసారి ఇంకా త్వరగా వదిలేసింది. ఇప్పుడు నట్టు తిప్పడానికి మర కూడా మిగల్లేదు. కేబుల్ సాగిపోయింది, మార్చాలంటున్నాడు. మారిస్తే సరిపోతుందా? వెనక ప్యాడ్లు సగానికి పైనే ఉన్నాయట.

మూడోగేరు
కేబులే. అన్నేళ్ల బండికి సాగక ఏం చేస్తుంది? మార్చేయండి, పీడా వదిలిపోతుంది.

గ్రీజుచేతులు
కేబుల్ కొనే ముందు ఒక్క ప్రశ్న. ఇంతవరకూ వెనక చక్రం విప్పి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

డిస్కులున్న బండికి హ్యాండ్ బ్రేక్ ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, డిస్కు మధ్యలో టోపీలా ఉబ్బెత్తుగా ఉండే భాగం లోపల చిన్న డ్రమ్ము, అందులో డ్రమ్ముకి లోపలినుంచి ఒరుసుకునే రెండు చిన్న షూలు. హ్యాండ్ బ్రేక్ లాగితే పనిచేసేవి అవే, కాలి బ్రేకుకీ వాటికీ సంబంధం లేదు. రెండోది, ప్యాడ్లని డిస్కు మీదికి నొక్కే కాలిపర్‌కే వెనకవైపు ఒక చిన్న లివరు ఉంటుంది. కేబుల్ దాన్ని లాగితే లోపల మర తిరిగి పిస్టన్‌ని ముందుకు నెడుతుంది. కాలి బ్రేకుకి వాడే ప్యాడ్లే దీనికీ పనిచేస్తాయి.

ఈ రెండింటికీ జబ్బులు వేరు, మందులూ వేరు. మీది ఏ రకమో తెలియకుండా లివరు దగ్గర నట్టు తిప్పడం అంటే జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా థర్మామీటర్ మార్చడమే. చక్రం విప్పి చూసి చెప్పండి. కాలిపర్‌కి కేబుల్ తగిలించి ఉంటే రెండో రకం. కేబుల్ డిస్కు వెనక రేకులోంచి లోపలికి వెళ్లిపోతుంటే మొదటి రకం.

మూడోగేరు
అంత థియరీ అక్కర్లేదు గ్రీజుచేతులు గారూ. నా బండికి ఇదే జబ్బు, కేబుల్ మార్చాక బాగైపోయింది. ఇంతే.

నట్టుబోల్టు
మూడోగేరు అన్నా, కేబుల్ మార్చేటప్పుడు ఏం చేస్తారు? ముందు నట్టు పూర్తిగా వదులు చేస్తారు, పాతది తీస్తారు, కొత్తది వేసి మొదటినుంచీ అడ్జస్ట్ చేస్తారు. బాగుచేసింది ఆ అడ్జస్ట్‌మెంట్ కూడా అయి ఉండొచ్చు. అల్లిన ఉక్కు తీగ ఏళ్ల తరబడి వేళ్ల మందాన సాగుతూ పోదు. పాడయ్యేది ఎక్కువగా బయటి తొడుగు. చివర్న రబ్బరు చిరిగితే లోపలికి నీళ్లు పోయి, తుప్పు పట్టి, తీగ లోపలే బిగుసుకుంటుంది. అప్పుడు బ్రేకు సరిగ్గా పట్టదు, పట్టాక సరిగ్గా వదలదు కూడా. వాలురోడ్డు గారిది పట్టకపోవడం ఒక్కటేనా, లివరు దించాక చక్రం రాసుకోవడం కూడా ఉందా?

వాలురోడ్డు
రాసుకోవడం గమనించలేదు. ఎలా తెలుస్తుంది?

నట్టుబోల్టు
కాసేపు నడిపి, వీలైనంత తక్కువ బ్రేకు వేసి ఆపి, దిగి వెనక రెండు చక్రాల రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ముట్టుకోకండి, దగ్గర పెడితే చాలు. ఒకటి మామూలుగా ఉండి ఇంకోటి సెగలు కక్కుతుంటే అది వదలట్లేదని అర్థం.

నిద్రమత్తు
మా బండికి హ్యాండ్ బ్రేక్ డిక్కీలో ఉంటుంది. దాన్ని ఇటుక అంటారు. అడ్జస్ట్‌మెంట్ అక్కర్లేదు, కేబుల్ లేదు, రెండు వైపులా సమానంగా పడుతుంది.

మూడోగేరు
నిద్రమత్తు బ్రో, స్పేర్ పార్టు కూడా ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది 😀

లెక్కలపిచ్చి
సరదాకి లెక్క వేద్దాం. ఐక్యరాజ్యసమితి 13-హెచ్ నిబంధన ప్రకారం కార్ల పార్కింగ్ బ్రేకు పూర్తి బరువుతో ఉన్న బండిని 20 శాతం వాలు మీద, ఎక్కుడైనా దిగుడైనా, నిలబెట్టాలి. 20 శాతం అంటే 100 మీటర్లు పోతే 20 మీటర్లు ఎత్తు, డిగ్రీల్లో 11 పైచిలుకు. చేత్తో లాగే లివరుకి 400 న్యూటన్లకు మించి బలం పట్టకూడదు. అంటే మన భాషలో సుమారు 40 కిలోల లాగుడు.

1500 కిలోల బండి ఆ వాలు మీద కిందికి లాగే బలం దాదాపు 290 కిలోలు. చక్రం వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు, డిస్కు మీద ప్యాడ్ పట్టేచోటు 11 సెంటీమీటర్లు అనుకుంటే డిస్కుల దగ్గర 790 కిలోల రాపిడి కావాలి. ప్యాడ్ రాపిడి గుణకం 0.4, రెండు డిస్కులు, ఒక్కోదానికి రెండు ముఖాలు. ఒక్కో కాలిపర్ దాదాపు 500 కిలోల బలంతో నొక్కాలి. మీ చేతి 40 కిలోలతో రెండు వైపులా కలిపి 1000 కిలోలు పుట్టాలి. లివరు, కాలిపర్ మీది చిన్న లివరు, లోపలి మర అన్నీ కలిసి ఆ పని చేస్తాయి. మధ్యలో ఎక్కడ తుప్పు పట్టినా, కోణం తప్పినా ఆ గుణకారం పడిపోతుంది. ఒక వైపు పూర్తిగా పడుకుంటే రెండోది ఒక్కటే 1000 కిలోలు నొక్కాలి. నొక్కలేదు.

డ్రమ్ముకి ఈ బాధ తక్కువ. తిరగబోయే డ్రమ్ము షూని తనలోకి తానే లాక్కుంటుంది, కొంత బలం ఉచితంగా వస్తుంది. డిస్కుకి ఆ సాయం లేదు. అందుకే చాలా కంపెనీలు వెనక డిస్కులు పెట్టి కూడా హ్యాండ్ బ్రేక్‌కి లోపల చిన్న డ్రమ్ము ఉంచాయి.

కొత్తచక్రం
అయితే డిస్కు హ్యాండ్ బ్రేకులన్నీ బలహీనమేనా? మా పాత డ్రమ్ము బండికి రెండు క్లిక్కులకే రాయిలా ఆగేది.

గ్రీజుచేతులు
పుట్టుకతో బలహీనం కాదు, తేడా వస్తే క్షమించదు అంతే. సరిగ్గా ఉన్న కాలిపర్ రకం మామూలు వాలు మీద బండిని ఆపుతుంది. లెక్కలపిచ్చి చెప్పిన 20 శాతం పరీక్ష దానికీ ఉంది కదా.

వాలురోడ్డు
చక్రాలు విప్పాను. మీరు చెప్పిన రెండో రకమే, కాలిపర్‌కే లివరు ఉంది. లివరు పక్కన కాలిపర్ ఒంటికే ఒక చిన్న దిమ్మలాంటిది పోతపోసి ఉంది. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించినా రెండు వైపులా లివరు ఆ దిమ్మకి ఆనట్లేదు. కుడివైపు పెన్సిల్ దూరేంత సందు, ఎడమవైపు ఇంకా ఎక్కువ. ఇది సహజమేనా?

గ్రీజుచేతులు
దొరికాడు దొంగ. సహజం కాదు. కేబుల్ అంతగా బిగించినందుకే ఇలా అయింది.

ఈ కాలిపర్లలో తమంతట తామే సర్దుకునే ఏర్పాటు లోపల ఉంటుంది. ప్యాడ్ అరిగేకొద్దీ లోపలి నట్టు మరమీద కాస్త కాస్త ముందుకు జరిగి ఆ సందు పూడుస్తుంది. అది జరగాలంటే హ్యాండ్ బ్రేక్ దించినప్పుడు ఈ లివరు ఆ దిమ్మకి వచ్చి ఆనాలి. మీ కేబుల్ దాన్ని ఎప్పుడూ సగం లాగే పట్టుకుని ఉంది. ఇక లోపలి ఏర్పాటు సర్దుకోదు. ప్యాడ్ అరుగుతుంది, సందు పెరుగుతుంది, హ్యాండ్ బ్రేక్ బలహీనపడుతుంది, మెకానిక్ ఇంకాస్త బిగిస్తాడు, కాలిపర్ లివరు ఇంకాస్త పైకి పోతుంది. దాని ప్రయాణంలో సగం ముందే అయిపోయింది కాబట్టి మీరు ఎంత లాగినా మిగిలిన సగమే పనికొస్తుంది. మీరు మొదట చెప్పిన కథ, బిగించిన ప్రతిసారీ ఇంకా త్వరగా వదిలేయడం, అచ్చం ఇదే.

కేబుల్ మార్చి అంతే బిగిస్తే అదే కథ కొత్త కేబుల్‌తో నడుస్తుంది.

మూడోగేరు
సరే, ఈ ముక్క నాకు తెలియదు. అయినా ఎడమవైపు ఎక్కువ సందు ఎందుకుంది? కేబుల్ బిగింపు రెండింటికీ ఒకటే కదా?

నట్టుబోల్టు
మంచి ప్రశ్న. రెండు కారణాలు ఉండొచ్చు. హ్యాండ్ బ్రేక్ లివరు కింద రెండు కేబుల్సునీ సమానంగా లాగే అడ్డకడ్డీ ఒకటి ఉంటుంది, అది తుప్పుతో ఒకవైపుకి వాలి బిగుసుకుంటే లాగుడు సమానంగా పడదు. లేదా ఎడమ కాలిపర్ లివరే తిరగకుండా ఇరుక్కుంది. తేల్చుకోవడం తేలిక. రెండు వైపులా కేబుల్ కొస కాలిపర్ లివరు నుంచి తీసేయండి. చేత్తోనో పానాతోనో లివరు తిప్పి వదలండి. టక్కున వెనక్కి వచ్చి దిమ్మకి కొట్టాలి. బద్ధకంగా వస్తే, లేదా రాకపోతే, దోషి అదే. కేబుల్ విడిగా ఉన్నప్పుడే తీగని ఒక కొస పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించండి. తేలిగ్గా ఆడితే కేబుల్ నిర్దోషి.

కర్రచక్రం
కాస్త పక్కకెళ్తున్నా. విప్పేటప్పుడు హ్యాండ్ బ్రేక్ దించే ఉంచాలి, వెనక చక్రాలు గాల్లో ఉంటే అది వేసినా లాభం లేదు. ముందు చక్రాలకి రెండు పక్కలా చెక్క దిమ్మలు పెట్టండి. ముందు చక్రాలకి పవర్ వెళ్లే బండి అయితే గేరులో కూడా వేయండి. వెనక చక్రాలకి పవర్ ఉన్న బండికి గేరు వల్ల ఒరిగేది లేదు, దిమ్మలే దిక్కు. జాకీ మీద మాత్రం నమ్మకం పెట్టుకోకండి, కింద స్టాండ్లు వేశాకే చెయ్యి పెట్టండి.

నిద్రమత్తు
చూశారా, చివరికి అందరూ ఇటుక దగ్గరికే వస్తున్నారు.

కర్రచక్రం
ఇటుక వద్దు బాబూ, బరువు పడితే పగులుతుంది. చెక్కే.

వాలురోడ్డు
కేబుల్స్ విడదీశాను. కుడి లివరు చక్కగా వెనక్కి వచ్చి కొడుతోంది. ఎడమది కొంచెం వచ్చి ఆగిపోయింది, చేత్తో నెడితే మెల్లగా దిమ్మ దాకా వెళ్లింది. కేబుల్స్ రెండూ తేలిగ్గా ఆడుతున్నాయి. మెకానిక్‌కి చెప్తే "పాత బండ్లకి అలాగే ఉంటుంది" అన్నాడు.

గ్రీజుచేతులు
పాత బండ్లకి అలాగే ఉంటుంది, నిజమే. బాగు చేస్తే ఉండదు.

ఆ లివరు కాలిపర్‌లోకి వెళ్లే చోట ఒక ఇరుసు, దానికి రబ్బరు సీలు ఉంటాయి. సీలు ఎండిపోతే నీళ్లు, మట్టి లోపలికి పోతాయి. ఇరుసు తుప్పు పట్టి బిగుస్తుంది, స్ప్రింగుకి దాన్ని వెనక్కి లాగే బలం చాలదు. తుప్పు వదిలించే నూనె ఇరుసు మొదట్లో కొద్దిగా వేసి, పానాతో లివరుని అటూ ఇటూ చాలాసేపు ఆడించి చూడండి. డిస్కుకీ ప్యాడ్లకీ పాత గుడ్డ కప్పండి, ఒక్క చుక్క పడినా ప్యాడ్లు పారేయాల్సిందే.

నట్టుబోల్టు
ఇక్కడ నేను ఒప్పుకోను. నూనె వేస్తే వదులవుతుంది, నెలో రెండు నెలల్లో మళ్లీ బిగుస్తుంది. నీళ్లు పోయే దారి అలాగే ఉంది కదా. పైగా బ్రేకు ద్రవాన్ని ఆపే సీళ్లకి మినరల్ ఆయిల్ పడదు, ఉబ్బిపోతాయి. లివరు ఇరుసు నుంచి ఆ సీలు ఎంతో దూరం ఉండదు. విప్పి సీల్ కిట్టుతో పూర్తిగా బాగు చేయించండి, లేదంటే కాలిపర్ మార్చండి.

గ్రీజుచేతులు
నేను చెప్పింది పరీక్ష కోసం, శాశ్వత చికిత్స అనలేదు. ఆడించాక వదులై కొన్ని నెలలు నిలిస్తే ఆ సమయంలో మంచి కాలిపర్ వెతుక్కోవచ్చు.

నట్టుబోల్టు
ఆ "కొన్ని నెలలు" కొన్ని ఏళ్లవుతాయి అన్నా, మన సంగతి మనకి తెలియదా.

సగంటైరు
చిన్నాన్న బండికి సీల్ కిట్టు వేయించాం. ఇరుసు తుప్పుకి గుంటలు పడి ఉంది, ఎమరీ పేపర్‌తో రుద్ది వేశారు. కొత్త సీలు ఆ గుంటల మీద నిలవలేదు, ద్రవం కారడం మొదలైంది. గుంటలు పడితే కిట్టు దండగ, కాలిపరే మార్చాలి. నున్నగా ఉంటే కిట్టు చాలు.

మూడోగేరు
రెండు వైపులా మార్చాలా, ఒకటి చాలా?

నట్టుబోల్టు
ప్యాడ్లు, డిస్కులు అయితే జతగానే. కాలిపర్ ఒకటి మార్చినా తప్పులేదు, రెండోది నిజంగా బాగుంటే. బాగుందో లేదో మాత్రం విప్పి చూడాలి.

ఆవిరిబండి
అందరూ లివరు మీదే పడ్డారు. కాలిపర్ జారే పిన్నులు చూశారా? ఈ రకం కాలిపర్‌కి పిస్టన్ ఒకవైపే ఉంటుంది. లోపలి ప్యాడ్‌ని పిస్టన్ నెడుతుంది, ఆ ప్రతిబలానికి కాలిపర్ ఒళ్లంతా వెనక్కి జారి బయటి ప్యాడ్‌ని లాగుతుంది. పిన్నులు బిగుసుకుంటే మీ చేతి బలంలో సగం కాలిపర్‌ని వంచడానికే పోతుంది. కాలి బ్రేకుకి హైడ్రాలిక్ బలం ఎక్కువ కాబట్టి అది కప్పిపుచ్చుతుంది, హ్యాండ్ బ్రేక్‌కి దాచుకునే స్తోమత లేదు. రెండు ప్యాడ్ల మందం పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి బాగా అరిగి ఒకటి కొత్తదిలా ఉంటే పిన్నులే.

డిస్కు లోపలి ముఖం కూడా చూడండి. వెనక బ్రేకుల మీద మామూలుగానే పని తక్కువ. ప్యాడ్ ఆనని చోట తుప్పు పొరలు కడుతుంది, బయటినుంచి చూస్తే డిస్కు తళతళలాడుతూనే ఉంటుంది.

వాలురోడ్డు
ఆవిరిబండి గారూ, మీ నోట చక్కెర పోయాలి. ఎడమవైపు కింది పిన్ను బయటికి రావడానికే మొండికేసింది. బయటి ప్యాడ్ దాదాపు కొత్తది, లోపలిది సన్నగా ఉంది. డిస్కు బయటి ముఖం మీద అంచుల్లో వేలెడు వెడల్పు తుప్పు. "ప్యాడ్లు సగానికి పైనే" అన్నది బయటి ప్యాడ్ మాత్రమే చూసి చెప్పిన మాటన్నమాట.

ఆవిరిబండి
చక్రం సందుల్లోంచి కనబడేది అదొక్కటే కదా, అందరూ దాన్నే చూస్తారు. పిన్నులు శుభ్రంగా తుడిచి, తుప్పు గుంటలుంటే మార్చి, రబ్బరుకి హాని చేయని సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. చక్రాల బేరింగ్ గ్రీజు మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ ఇరుక్కుంటుంది.

కొత్తచక్రం
సమయం చూసి అడుగుతున్నా. కొత్త ప్యాడ్లు వేయాలంటే పిస్టన్ లోపలికి నొక్కాలి కదా. మా వాడు సి-క్లాంపు పెట్టి ఎంత నొక్కినా కదలట్లేదు.

గ్రీజుచేతులు
వెంటనే ఆపమనండి! ముందు చక్రాల కాలిపర్ అయితే నొక్కాలి. హ్యాండ్ బ్రేక్ లివరు ఉన్న వెనక కాలిపర్ పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి, మర మీద కూర్చుని ఉంటుంది కాబట్టి. బలంగా నొక్కితే లోపలి సర్దుబాటు ఏర్పాటు విరుగుతుంది. పిస్టన్ ముఖం మీద గాడులున్నాయి చూడండి, వాటిలో పట్టే పనిముట్టు విడిగా దొరుకుతుంది. చాలా బండ్లకి సవ్యంగా తిప్పాలి, కొన్నిటికి ఒకవైపు సవ్యం, రెండో వైపు అపసవ్యం. మాన్యువల్ చూసి తిప్పమనండి.

లోపలికి పోయాక ఆ గాడులు ఏ కోణంలో ఆగాయో కూడా చూడాలి. చాలా ప్యాడ్ల వీపున చిన్న మొటిక ఉంటుంది, అది గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే ప్యాడ్ వంకరగా అరుగుతుంది, పిస్టన్ తనకు తాను తిరిగి సర్దుబాటు పనిచేయదు.

కర్రచక్రం
పిస్టన్ లోపలికి పోతే ద్రవం వెనక్కి ఎక్కి డబ్బా పొర్లుతుంది, ముందే కాస్త తీసేయమనండి. పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది.

పాతజెండా
మీ అందరి గొడవ వెనక చక్రాలతో. పాత సాబ్ 900 బండ్లకి 1987 దాకా హ్యాండ్ బ్రేక్ ముందు చక్రాల మీద పనిచేసేది. సిట్రోయెన్ బీఎక్స్, జాంటియాలకి కూడా ముందే. ఇంజను బరువంతా ముందే ఉంది కాబట్టి పట్టు బాగా ఉండేది. పాత జాగ్వార్లలో హ్యాండ్ బ్రేక్‌కి ప్రత్యేకంగా ఇంకో బుల్లి కాలిపర్, అది కూడా చక్రం దగ్గర కాదు, బండి మధ్యలో, వెనక చక్రాలకి పవర్ పంచే డిఫరెన్షియల్ పక్కన. అడ్జస్ట్ చేయాలంటే బండి కింద యోగాసనాలే.

లెక్కలపిచ్చి
ముందు చక్రాల హ్యాండ్ బ్రేక్ వినడానికి బాగుంది. ఆ బండికి ముందు చక్రం మార్చాల్సి వచ్చి జాకీ వేస్తే వెనక ఏది ఆపుతుంది?

నిద్రమత్తు
చెప్పమంటారా?

లెక్కలపిచ్చి
వద్దు.

వాలురోడ్డు
ఎడమ కాలిపర్ ఇరుసుకి గుంటలున్నాయి. కాలిపర్ మార్చేశాను, వెనక రెండు వైపులా డిస్కులు, ప్యాడ్లు కూడా. కుడి కాలిపర్ పిన్నులు శుభ్రం చేసి గ్రీజు రాశాను. బ్రేకు ద్రవం లైన్లో గాలి తీయించాను. కేబుల్స్ పాతవే. ఇప్పుడు కేబుల్ ఎంత బిగించాలి? అందరూ ఏదో ఒక వరసలో చెప్పండి.

గ్రీజుచేతులు
ముందు నట్టు పూర్తిగా వదులు. రెండు కాలిపర్ లివర్లూ దిమ్మలకి ఆనాయని కళ్లతో చూసుకోండి. ఇంజను స్టార్ట్ చేసి కాలి బ్రేకు గట్టిగా, నిదానంగా, వదిలి వదిలి చాలాసార్లు తొక్కండి. కొత్త ప్యాడ్లు కాబట్టి ఒకటి రెండుసార్లతో సరిపోదు, విసుగొచ్చేదాకా తొక్కండి. లోపలి ఏర్పాటు సర్దుకునేది అప్పుడే. ఇంజను ఆపండి.

ఆ తర్వాతే నట్టు. లివరు పూర్తిగా దించి ఉండగా కొద్దికొద్దిగా బిగిస్తూ, కాలిపర్ లివరు దిమ్మని వదలడం మొదలుపెట్టిన క్షణంలో ఆగండి, ఒక పిసరు వెనక్కి తిప్పండి. కొన్ని కంపెనీలు మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర దాకా సందు ఒప్పుకుంటాయి, మీ మాన్యువల్‌లో ఉంటుంది. ఇక హ్యాండ్ బ్రేక్‌ని గట్టిగా కొన్నిసార్లు లాగి దించి మళ్లీ చూడండి, కేబుల్ తొడుగులు వాటి చోట్లలో కుదురుకుంటాయి. చివర్లో చక్రాలు చేత్తో తిప్పి చూడండి. దించినప్పుడు స్వేచ్ఛగా తిరగాలి, క్లిక్కు క్లిక్కుకీ రెండూ ఒకేలా బిగుస్తూ పోవాలి.

నట్టుబోల్టు
పై మాటకి ఒక సవరణ. కొన్ని కాలిపర్లు కాలి బ్రేకుతో కాదు, హ్యాండ్ బ్రేక్ లివరు లాగి వదిలితే సర్దుకుంటాయి. ఏ రకమో తెలియకపోతే రెండూ చేయండి, నష్టం లేదు. ఎన్ని క్లిక్కులకి పట్టాలన్నది బండిని బట్టి ఉంటుంది, ఐదు నుంచి ఎనిమిది మధ్య చాలామందికి సరిపోతుంది. రెండు క్లిక్కులకే పట్టేలా బిగించుకోవాలన్న దురాశ వద్దు, మళ్లీ దిమ్మ దగ్గర సందు మొదలవుతుంది.

కొత్తచక్రం
ఇవన్నీ వద్దు, గేరులో వేసి వదిలేస్తే చాలదా? నేను ఎన్నాళ్లుగానో అదే చేస్తున్నా.

ఆవిరిబండి
గేరు తోడుగా ఉండాలి, బదులుగా కాదు. ఇంజను కంప్రెషన్ మెల్లమెల్లగా కారిపోతుంది, నిటారు వాలు మీద బండి తడవకో అంగుళం జరిగిన సందర్భాలు చూశాను. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఆపేది గేరుబాక్సులోని ఒక చిన్న పంటి కొక్కెం, బండి బరువంతా దాని మీద వేయడం మంచిది కాదు.

అయితే వాలురోడ్డు గారికి గేరు తప్పనిసరి అయ్యే సందర్భం ఒకటుంది. ఘాట్ రోడ్డు దిగి వచ్చి డిస్కులు బాగా కాగి ఉన్నప్పుడు పార్క్ చేస్తే, చల్లారేకొద్దీ డిస్కు, ప్యాడ్లు కుంచించుకుంటాయి, కాలిపర్ పట్టు సడలుతుంది. మీరు లోపలికి వెళ్లాక బండి బయల్దేరుతుంది. గేరులో వేయండి, ముందు చక్రాలని రోడ్డు అంచున ఉన్న రాయి వైపు తిప్పండి, చల్లారాక ఇంకో క్లిక్కు లాగండి. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకున్న కొత్త బండ్లలో కొన్ని కాసేపయ్యాక వాటంతట అవే మళ్లీ బిగించుకునేది ఇందుకే.

మూడోగేరు
లోపలి డ్రమ్ము రకానికి ఈ భయం ఉండదా?

ఆవిరిబండి
డ్రమ్ము చల్లారితే షూ మీదికే కుంచించుకుంటుంది. వదలడం తక్కువ.

వాలురోడ్డు
మీరు చెప్పిన వరసలోనే చేశాను. ఆరో క్లిక్కుకి గట్టిగా పడుతోంది. ఇంటి ముందు వాలు మీద న్యూట్రల్‌లో పెట్టి నిలబెట్టాను, కదల్లేదు. నట్టు మీద ఇప్పుడు సగం పైగా మర మిగిలి ఉంది, పాత కేబుల్‌తోనే! మెకానిక్‌కి చూపిస్తే కాలిపర్ మార్చాక కేబుల్ తనంతట తాను కుంచించుకుందా అని అడిగాడు.

నట్టుబోల్టు
😀 కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకునేదాకా పట్టు ఇంకా పెరుగుతుంది. కొంత తిరిగాక లివర్లు దిమ్మలకి ఆనుతున్నాయో లేదో ఇంకోసారి చూడండి, అంతే. నట్టు ముట్టుకోకండి, ముట్టుకోనివ్వకండి.

సగంటైరు
ఇదే చర్చలో అడుగుతున్నా, నాది లోపలి డ్రమ్ము రకం. క్లిక్కులు ఎక్కువయ్యాయి, పట్టు తక్కువ. డిస్కు ఊడట్లేదు, సుత్తితో కొట్టినా కదల్లేదు.

గ్రీజుచేతులు
సుత్తి పక్కన పెట్టండి. షూలు డ్రమ్ము అంచున ఏర్పడ్డ తుప్పు గట్టుకి తట్టుకుంటున్నాయి. కేబుల్ వదులు చేసి, డిస్కు ముఖం మీది రబ్బరు బిరడా తీసి, ఆ కన్నంలోంచి టార్చి వేస్తే షూలని దగ్గరికీ దూరానికీ జరిపే పళ్ల చక్రం కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో షూలు దగ్గరికి వచ్చే వైపు తిప్పండి. ఏ వైపో తెలియకపోతే కొన్ని పళ్లు తిప్పి డిస్కు తిప్పి చూడండి, బిగిస్తే అవతలి వైపు. అప్పటికీ రాకపోతే, చాలా డిస్కులకి మరలున్న రెండు కన్నాలు ఉంటాయి, వాటిలో సరిపడే బోల్టులు వేసి సమానంగా బిగిస్తే డిస్కు తనంతట తాను లేచి వస్తుంది.

సగంటైరు
వచ్చింది. షూల మీది రాపిడి పొర, అదే లైనింగ్, మందంగానే ఉంది కానీ అద్దంలా మెరుస్తోంది. ఒక షూ మీదిది మాత్రం వేలితో అంటగానే పెచ్చులా ఊడి వచ్చింది.

గ్రీజుచేతులు
నడుస్తుండగా ఊడి ఉంటే లోపల ఇరుక్కుని చక్రమే పట్టేసేది. ఈ షూలు అరగవు, బండి ఆగాకే వాటికి పని కదా. వయసుకి జిగురు వదిలి, తుప్పుకి ఉబ్బి చస్తాయి. రెండు వైపులా మార్చండి, స్ప్రింగుల కిట్టు కూడా తీసుకోండి, పాత స్ప్రింగులు తిరిగి వేయకండి. ఆ దుమ్ము ఊదకండి, గాలి గొట్టం అసలు వద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి.

బిగించాక ముందు పళ్ల చక్రం, తర్వాతే కేబుల్. డిస్కు చేత్తో తిరగనంత బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా కొన్ని పళ్లు వెనక్కి. రెండు వైపులా అన్నే పళ్లు.

సగంటైరు
కొత్త షూలు వేశాను, పళ్ల లెక్క ప్రకారమే చేశాను. అయినా పట్టు అంతంతమాత్రమే?

ఆవిరిబండి
షూలు ఇంకా డ్రమ్ము వంపుకి అతకలేదు, కొసల్లోనే తగులుతున్నాయి. ఖాళీ రోడ్డు చూసుకుని నెమ్మదిగా పోతూ, హ్యాండ్ బ్రేక్ లివరు కొసన ఉండే బొత్తం వేలితో నొక్కిపట్టి, లివరు కొద్దిగా లాగి కొన్ని వందల మీటర్లు నడపండి. వదిలేసి చల్లారనిచ్చి మళ్లీ అలాగే. బొత్తం మాత్రం వదలకండి, లివరు లాక్ అయిపోతే వెనక చక్రాలు జారతాయి. కుదురుకున్నాక క్లిక్కులు పెరుగుతాయి, అప్పుడు పళ్ల చక్రం ఇంకోసారి సర్దుకోండి.

సగంటైరు
ఆదివారం పొద్దున్నే చేస్తా. వెనక ఎవరూ ఉండరు.